అద్దానికి చుక్కల ముగ్గు



పోయిన నెల ఐదో తరగతి ఈవీఎస్ పీరియడ్‌లో ఉండగా మెట్ల వైపు ధబ్‌మని చప్పుడైంది. బంతి తగిలిందనుకున్నాం. వెళ్లి చూస్తే పెద్ద అద్దం కింద లకుముకి పిట్ట పడి ఉంది. నీలం రెక్కలు, ఎర్రటి ముక్కు చూసి పిల్లలు వెంటనే గుర్తుపట్టారు. చాక్‌పీసుల డబ్బాలో పెట్టాం. పావుగంటలో చనిపోయింది. ‘మిస్, దానికి అద్దం కనబడలేదా?’ అని ఒక పాప అడిగింది. ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టేశాను.

కనబడదు. నిజానికి మనకూ కనబడదు. చట్రం, హ్యాండిల్ చూసి అక్కడ అద్దం ఉందని ఊహించుకుంటాం, అంతే. షోరూం తలుపుకి నుదురు కొట్టుకున్నవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు (నేనూ ఒకసారి, కొత్త చీర కట్టుకుని!). అందుకే మనుషులు తిరిగే చోట అద్దం మీద కంటికి కనిపించేలా గీతో పట్టీయో ఉండాలని మన దేశంలోని గాజు ప్రమాణాలు చెబుతున్నాయి. పక్షికి చట్రం చూసి ఊహించడం తెలియదు. అద్దంలో వేపచెట్టు కనిపిస్తే దానికి అది చెట్టే. అద్దం వెనక కుండీలో మొక్క కనిపిస్తే మధ్యలో దారి ఉన్నట్టే. వేగం తగ్గించకుండా వచ్చి తగులుతుంది. కొన్ని అక్కడే పడిపోతాయి, కొన్ని ఎగిరిపోయినా లోపలి దెబ్బలతో తర్వాత చనిపోతాయి.

ఇదేదో అరుదైన సంగతి అనుకున్నాను. మా ఆయమ్మను అడిగితే, ‘అప్పుడప్పుడు పడతనే ఉంటయి మేడం, మీరొచ్చేలోపే ఊడ్చేస్త’ అంది.

అమెరికాలోని షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద అద్దాల భవనం ఉంది. 2023 అక్టోబరులో వలస పక్షులు గుంపులుగా వెళ్తున్నప్పుడు ఒక్క రాత్రిలోనే దాదాపు 1,000 పక్షులు దాన్ని ఢీకొని చనిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు చిన్న చిన్న చుక్కలున్న ఫిల్మ్ అతికించారు. ఆ సీజన్‌లో మరణాలు 95 శాతం వరకు తగ్గాయి. చేసిందల్లా చుక్కలు పెట్టడమే.

కొన్ని నగరాలు దీన్ని యజమాని దయకు వదిలేయకుండా నిబంధనగా పెట్టాయి. టొరంటోలో 2010 నుంచి ఉంది. న్యూయార్క్ 2019 డిసెంబరులో చట్టం చేసింది. 2021 నుంచి అక్కడ కొత్త భవనాలకు 75 అడుగుల ఎత్తు వరకు ఉండే బయటి అద్దాల్లో 90 శాతం పక్షులకు కనిపించే రకంవి కావాలి. 75 అడుగులే ఎందుకంటే, పక్షులు ఎక్కువగా తిరిగేది చెట్ల ఎత్తులోనే.

మన దగ్గర ఇల్లు కట్టినవాళ్లందరికీ జీవో 168 తెలుసు. 2012 నాటి ఆ నిబంధనల్లో సెట్‌బ్యాక్, ఎత్తు, పార్కింగ్, ఇంకుడు గుంతల గురించి ఉంది. పక్షుల మాట నాకు కనబడలేదు. మన కంటోన్మెంట్ వైపు పెద్ద చెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, వాటి పక్కనే అద్దాల భవనాలు లేస్తున్నాయి. చలికాలం ముందు వలస వచ్చే పొన్నంకి పిట్ట లాంటివి రాత్రిపూట ప్రయాణిస్తాయి, లైట్లకు దారి తప్పుతాయి. మీలో బిల్డర్లు, ఆర్కిటెక్టులు ఉన్నారు, అసోసియేషన్ ప్రెసిడెంట్లూ ఉన్నారు. కట్టాక ఫిల్మ్ అతికించడం కంటే ప్లాన్ గీసేటప్పుడే చుక్కల గాజు రాసుకోవడం తేలిక అని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో చేయదగ్గవి కూడా ఉన్నాయి. పిల్లలకు నేను చుక్కల ముగ్గుతో పోల్చి చెప్పాను. చుక్కకూ చుక్కకూ మధ్య 5 సెంటీమీటర్లకు మించకూడదు, అటూ ఇటూ కూడా. చుక్క కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. అద్దానికి బయటి వైపే పెట్టాలి, లోపల పెడితే ప్రతిబింబంలో కలిసిపోతుంది. మధ్యలో ఒకే ఒక్క గద్ద స్టిక్కర్ అతికిస్తే పక్షి దాని పక్క నుంచి వెళ్లబోయి తగులుతుంది. పై అంతస్తుల్లో చెయ్యి అందకపోతే అద్దానికి బయట దోమల జాలి బిగుతుగా వేయించినా చాలు. ఎండాకాలం పక్షులకు నీళ్ల గిన్నె పెట్టేవాళ్లు దాన్ని అద్దానికి ఒక మీటరు లోపే పెట్టండి. దగ్గర నుంచి ఎగిరితే గట్టిగా తగిలేంత వేగం అందుకోదు.

దెబ్బ తిని పడిన పక్షి కనిపిస్తే నోట్లో నీళ్లు పోయొద్దు. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, మూసి, నిశ్శబ్దంగా ఉన్నచోట గంటసేపు వదిలేయండి. కోలుకుంటే లోపల కదులుతుంది. అప్పుడు ఆరుబయట పెట్టి మూత తీయండి. కోలుకోకపోతే పక్షులను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రిన్సిపాల్ గారి అనుమతితో మెట్ల అద్దానికి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాం. స్కేలు పట్టుకుని కొలిచింది ఐదో తరగతి పిల్లలే, లెక్కల పీరియడ్ కూడా కలిసొచ్చింది. వాళ్ల చేతికి అందినంత వరకు అయింది. పైభాగానికి నిచ్చెన కావాలి, పెద్దవాళ్లు కావాలి. ఈ శనివారం పీటీఎం అయ్యాక ఒక గంట ఉండగలిగినవాళ్లు డైరీలో రాసి పంపండి.