విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కౌన్సెలర్: చదువు, సాధన, గోప్యత

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని విషయమై ఆమె తండ్రి చేసుకున్న అప్పీలుపై సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు వెలువరించింది. ఆ మరణంపై సీబీఐ దర్యాప్తునకు ఆదేశించడంతో ఆగక, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే 15 మార్గదర్శకాలను కూడా న్యాయస్థానం జారీ చేసింది. వాటి ప్రకారం వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా, కౌమార వయస్కుల మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సోషల్ వర్కర్‌ను గాని కనీసం ఒకరిని నియమించుకోవాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఇందుకు తగిన చట్టం వచ్చేవరకు ఈ మార్గదర్శకాలకే చట్టానికున్నంత బలం ఉంటుంది. అదే ఏడాది మార్చిలో, ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థుల ఆత్మహత్యలను పరిశీలించేందుకు జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన ఒక జాతీయ కార్యదళం కూడా ఏర్పాటయింది. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న సంగతిని గుర్తుంచుకుంటే, న్యాయస్థానం ఇంత దూరం ఎందుకు వెళ్లవలసి వచ్చిందో అర్థమవుతుంది.

ఈ ఉత్తర్వుల వల్ల రాబోయే సంవత్సరాలలో విశ్వవిద్యాలయాలలో కౌన్సెలర్ పోస్టులు పెరగడానికి అవకాశముంది. అయితే పోస్టును భర్తీ చేయడం వేరు, ఆ గదికి విద్యార్థి నమ్మకంతో రావడం వేరు. రెండవది జరగాలంటే కౌన్సెలర్‌కు ఎటువంటి చదువు, ఎటువంటి సాధన, ఎటువంటి స్వతంత్రత ఉండాలన్న విషయాన్ని ఈ వృత్తిలోకి రాదలచినవారు ప్రకటన చూసి దరఖాస్తు చేసే ముందే ఆలోచించుకోవడం మంచిది.

మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవారందరినీ జనం ఒకే గాటన కట్టడం పరిపాటి కాబట్టి, తేడాలను మొదటే చెప్పుకోవాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. జబ్బును నిర్ధారించి మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు గాని, మానసిక పరీక్షలు నిర్వహించి సమస్య స్వభావాన్ని అంచనా కట్టి, మాటల ద్వారా సాగే చికిత్సను, అంటే సైకోథెరపీని అందిస్తాడు. ఇందుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు తప్పనిసరి. కౌన్సెలర్ ప్రధానంగా రోజువారీ జీవితాన్ని చిక్కుపరుస్తున్న బాధలతో పనిచేస్తాడు. చదువు ఒత్తిడి, ఒంటరితనం, తెగిన అనుబంధాలు, ఇంటి తగవులు, భవిష్యత్తు గురించిన బెంగ అతని గదికి ఎక్కువగా వచ్చేవి. తన శక్తికి మించిన సమస్యను గుర్తుపట్టి, సకాలంలో సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో అప్పగించడాన్ని రిఫరల్ అంటారు. రిఫర్ చేయడం తన చేతకానితనంగా భావించే కౌన్సెలర్ విద్యార్థికి హాని చేసే ప్రమాదం ఎక్కువ.

ఈ పనికి ప్రాంగణంలో ఒక వార్షిక చక్రం ఉంటుంది. మొదటి సెమిస్టర్ ఆరంభంలో ఇల్లు విడిచి వచ్చిన బెంగ, హాస్టల్ ఇబ్బందులు, ర్యాగింగ్ భయం. మిడ్ పరీక్షల తరువాత మార్కుల దిగులు. చివరి ఏడాదిలో ప్లేస్‌మెంట్ల ఒత్తిడి. తెలుగు రాష్ట్రాలలో దీనికి కొన్ని ప్రత్యేకమైన పొరలున్నాయి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో మార్కుల కోసం తెల్లవారుజామునుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో గడిపి, ఇంగ్లిషులో సాగే ఇంజనీరింగ్ తరగతిలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదటిసారి బ్యాక్‌లాగ్ పడినప్పుడు కలిగే అవమానం కేవలం ఒక సబ్జెక్టు తప్పినందువల్ల కలిగేది కాదు. ఊళ్లో అందరికంటె బాగా చదివేవాడన్న పేరు, తండ్రి తెచ్చిన అప్పు, చెల్లెలి చదువు, ఇవన్నీ ఆ ఒక్క సబ్జెక్టు వెనక నిలబడి ఉంటాయి. కుటుంబంలో తొలిసారి కాలేజీ గడప తొక్కినవారి విషయంలో, కుల వివక్షను ఎదుర్కొంటున్నవారి విషయంలో సమస్యను పూర్తిగా వ్యక్తి మనసులోనే వెతకడం అన్యాయమవుతుంది. ప్రాంగణంలో మారవలసినది ఉంటే దానిని మార్చమని అడగడం కూడా కౌన్సెలర్ పనిలో భాగమే.

శిక్షణ లేనివారికి కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడమనిపిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసేది అదే: ధైర్యం చెప్తారు, ఎవరో కష్టపడి పైకొచ్చినవారిని చూపిస్తారు, అన్నీ సర్దుకుంటాయంటారు. అందులో ఆప్యాయత ఉంది, కాని వినడం తక్కువ. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల నుంచి ప్రతిపాదించిన వ్యక్తి కేంద్రిత పద్ధతి దీనికి భిన్నమైన దారి పట్టింది: తీర్పు చెప్పకుండా వినడం, ఎదుటివారి కళ్లతో పరిస్థితిని చూడడం, లోపల ఒకటి పైకి ఒకటి కాకుండా నిజాయితీగా ఉండడం అన్న మూడింటిని ఆయన మార్పునకు పునాదులుగా భావించాడు. దీనికి తోడు ప్రాంగణాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఏరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి పెరిగిన సీబీటీ, అంటే ఆలోచనలకు, భావాలకు, ప్రవర్తనకు మధ్య ఉన్న ముడిని విప్పి చూసే పద్ధతి. ఒక మిడ్ పరీక్షలో తక్కువ మార్కులు రాగానే తాను దేనికీ పనికిరానని తీర్మానించుకుని తరగతులు మానేసే విద్యార్థితో, ఆ తీర్మానానికి ఉన్న సాక్ష్యమెంత, దానికి ఎదురు సాక్ష్యమేమిటి అని కలిసి పరిశీలించడం, తరువాత వారంలో కనీసం ఒక్క తరగతికైనా వెళ్లి ఏం జరిగిందో గమనించమనడం ఈ పద్ధతిలోని పని. ఒక్కో సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు సాగుతుంది.

తొలి సమావేశంలో పీహెచ్‌క్యూ-9 వంటి ప్రశ్నావళిని చాలామంది వాడతారు. గడచిన రెండు వారాలలో నిద్ర, ఆకలి, ఉత్సాహం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడిగే తొమ్మిది ప్రశ్నలకు 0 నుంచి 27 వరకు స్కోరు వస్తుంది. అది డిప్రెషన్ తీవ్రతకు సూచిక మాత్రమే గాని రోగ నిర్ధారణ కాదు. ఇందులోని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించినది. దాని మీద వచ్చిన జవాబును స్కోరుతో సంబంధం లేకుండా విడిగా పట్టించుకోవాలి. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం ఉపాధ్యాయులలోనూ తల్లిదండ్రులలోనూ బలంగా ఉంది. పరిశోధనలు దానిని సమర్థించలేదు. నేరుగా, నెమ్మదిగా అడగడం వల్ల చాలామందికి బరువు దిగినట్లవుతుంది. ఆ తరువాత చేసేది సేఫ్టీ ప్లాన్: పరిస్థితి దిగజారుతున్నట్లు తెలిపే గుర్తులేమిటి, అప్పుడు ఎవరితో మాట్లాడాలి, ఏ చోటికి వెళ్లాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది విద్యార్థి చేతనే రాయించడం. ఇందులో చేర్చదగినది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి, నంబరు 14416. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో విషయాన్ని దాచిపెట్టే వార్డెన్లకు ఈ సెక్షన్ గురించి తెలియజెప్పడం కౌన్సెలర్ బాధ్యత అనుకోవచ్చు.

ఈ వృత్తిలో అన్నిటికంటె కఠినమైనది గోప్యత. ఆసుపత్రిలోని సైకాలజిస్టుకు రోగి ఒక్కడే కనిపిస్తాడు. విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్‌కు జీతమిచ్చేది సంస్థ, నమ్మకముంచేది విద్యార్థి. హాజరు తగ్గిన పిల్లవాడు ఏం చెప్పాడని విభాగాధిపతి అడుగుతాడు, అమ్మాయి ఎవరితోనో తిరుగుతోందటగదా అని తండ్రి ఫోన్ చేస్తాడు, క్రమశిక్షణ కమిటీ ఫైలు పంపమంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ మానసిక ఆరోగ్య నిపుణులు రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని నిర్దేశిస్తూ, ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. కౌన్సెలింగ్ నీతి నియమాలూ ఈ బాటలోనే ఉంటాయి. ఈ హద్దులను మొదటి సెషన్‌లోనే విద్యార్థికి చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థి లైంగిక దాడి గురించి చెబితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. డిగ్రీ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్లవారు తక్కువేమీ కాదు కాబట్టి, విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు పోక్సో తమకు వర్తించదనుకోవడం పొరపాటు.

గోప్యత దృష్టితో చూస్తే, తరగతిలో మార్కులు వేసే అధ్యాపకుడికే కౌన్సెలర్ బాధ్యతలు అప్పగించడం సరైన ఏర్పాటు కాదు. విద్యార్థుల చిన్న చిన్న బృందాలకు ఒక్కో అధ్యాపకుడిని సలహాదారుగా ఉంచాలన్న ఆలోచన విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మార్గదర్శకాలలో ఉంది, అది ఉపయోగకరమైనదే. కాని ఆ అధ్యాపకుడు చేయగలిగేది తేడాను గమనించి దారి చూపడం వరకే. బాధ చెప్పుకున్న మనిషే పరీక్ష పేపరు దిద్దుతాడని తెలిస్తే ఎవరు మాత్రం నోరు విప్పుతారు?

చదువు విషయానికి వస్తే, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నవారైనా బి.ఎ. సైకాలజీ ద్వారా ఈ దారిలోకి రావచ్చు. ఆ తరువాత సైకాలజీలో గాని, కౌన్సెలింగ్ సైకాలజీలో గాని ఎం.ఎ. లేదా ఎం.ఎస్సీ. కావాలి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో సైకాలజీ విభాగాలున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీకి ప్రత్యేక కేంద్రముంది. సోషల్ వర్క్‌లో పీజీ చేసి మానసిక ఆరోగ్యం వైపు మళ్లడం మరో దారి. కుటుంబంతో, సమాజంతో పనిచేయడంలో వారికి వచ్చే శిక్షణ సైకాలజీ విద్యార్థులకు అంతగా దొరకదు. బడులలో పనిచేయాలనుకునే ఉపాధ్యాయులకు ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది.

ఇటీవల వచ్చిన ఒక మార్పును మాత్రం దూరవిద్యపై ఆశ పెట్టుకున్నవారు తప్పక గమనించాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి, మిగిలిన సైకాలజిస్టులను తన పరిధిలోకి తెచ్చింది; దానిని అనుసరించి 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో అందించరాదని యూజీసీ ప్రకటించింది. ఉద్యోగం చేసుకుంటూ పీజీ పూర్తిచేయాలనుకున్న ఎందరికో ఇది నిరాశ కలిగించే విషయమైనా, మనుషుల ఎదుట కూర్చుని నేర్చుకోవలసిన విద్యను పోస్టులో వచ్చే పుస్తకాలతో ముగించడంలోని లోపాన్ని కాదనలేము. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. విషయంలోనూ పరిస్థితి మారుతోంది: ఎం.ఫిల్. డిగ్రీని 2022 నిబంధనలతో రద్దు చేసిన యూజీసీ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లలో మాత్రం 2025–26 వరకు ప్రవేశాలను అనుమతించింది. కాబట్టి క్లినికల్ సైకాలజీలో ఏ కోర్సులో చేరినా, ఆ సంస్థకు ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలో చూసుకున్న తరువాతే ఫీజు కట్టాలి.

వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు ఊరూరా వెలిశాయి. కొత్త విషయాలు తెలుసుకోవడానికి అవి పనికిరావచ్చు గాని, రెండు ఆదివారాలలో థెరపిస్టు తయారు కాడు. ఈ వృత్తిలో చేయి తిరగడానికి సూపర్‌విజన్ ఒక్కటే మార్గం. అనుభవమున్న నిపుణుడి ముందు తన కేసులను పెట్టి, పేరు చెప్పకుండా చర్చించి, ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ తన సొంత బాధను ఎదుటివారి బాధగా భ్రమించాడో తెలుసుకోవడాన్ని సూపర్‌విజన్ అంటారు. పీజీని ఎంచుకునేటప్పుడు భవనాలను, ర్యాంకులను కాక, ఎన్ని గంటల ప్రాక్టికమ్, అంటే ప్రత్యక్ష శిక్షణ ఉంది, ఎవరి పర్యవేక్షణలో, ఏ ఆసుపత్రిలో అన్నది అడగాలి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట్ల కొన్నాళ్లు గడిపినవారికి, రిఫరల్ ఎప్పుడు చేయాలో పుస్తకం చూడకుండానే తెలుస్తుంది. ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను జనం ఎగతాళికి వాడుకోవడం మన సమాజం ఈ జబ్బుల పట్ల ఎలా ప్రవర్తిస్తోందో చెబుతుంది. ఆ ఎగతాళికి జడిసే విద్యార్థులు కౌన్సెలింగ్ గది వైపు రావడానికి తటపటాయిస్తారు.

భాష మీద పట్టు ఇక్కడ అదనపు అర్హత కాదు, ప్రధాన పరికరం. దిగులుగా ఉందని నేరుగా చెప్పేవారు తక్కువ. నిద్ర పట్టట్లేదని, గుండె దడగా ఉందని, తల బరువుగా ఉందని, ఏదీ చేయబుద్ధి కావట్లేదని మొదలుపెడతారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవారి మాటా, ఆదిలాబాద్ నుంచి వచ్చినవారి మాటా సమానంగా అర్థం చేసుకోగల కౌన్సెలర్‌కు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో విలువ ఎక్కువ. ఐఐటీలలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ఇంగ్లిషు, హిందీ కూడా కావాలి. విదేశాలలో చదువుతున్న తెలుగు విద్యార్థులు కూడా తమ భాషలో మాట్లాడేవారి కోసం వెతుకుతుంటారు గాని, అమెరికాలో ప్రాక్టీసుకు ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానిదే కాబట్టి, ఇక్కడి డిగ్రీతో నేరుగా అక్కడివారికి థెరపీ చేయవచ్చనుకోవడం ప్రమాదకరం.

ఉద్యోగాల తీరు గురించి దాపరికం అక్కరలేదు. కాంట్రాక్టు పద్ధతిలో, కన్సాలిడేటెడ్ వేతనంతో జరిగే నియామకాలు ఎక్కువ. వేలమంది విద్యార్థులకు ఒక్కరే ఉండడమూ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోని సన్‌షైన్ వంటి ప్రత్యేక విభాగాలలో కౌన్సెలర్లతోపాటు విద్యార్థి వాలంటీర్లు, అధ్యాపకులు కూడా భాగస్వాములవుతారు కాబట్టి భారం ఒక్కరిమీదే పడదు. ఇంటర్వ్యూకు వెళ్లినవారు జీతంతోపాటు మరికొన్నింటిని కూడా అడిగి తెలుసుకోవాలి: కౌన్సెలింగ్ గది పరిపాలన భవనంలో, రిజిస్ట్రార్ గదికి ఎదురుగా ఉందా, లేక ఎవరూ గమనించకుండా వెళ్లగలిగే చోట ఉందా, సెషన్ రికార్డుల తాళం ఎవరి దగ్గర ఉంటుంది, క్రమశిక్షణ కమిటీలో సభ్యత్వం అంటగడతారా, అత్యవసర పరిస్థితిలో విద్యార్థిని పంపడానికి ఏ ఆసుపత్రితో ఒప్పందముంది, రాత్రి పదకొండు గంటలకు హాస్టల్ నుంచి ఫోన్ వస్తే దానిని ఎత్తవలసినది ఎవరు, కౌన్సెలర్‌కు సూపర్‌విజన్ కోసం నెలలో కొన్ని గంటలు డ్యూటీగా లెక్కిస్తారా. వీటికి రాతపూర్వకమైన జవాబులు ఇవ్వలేని సంస్థలో చేరేవారు, చేరిన మొదటి నెలలోనే ఆ నియమాలను స్వయంగా రాసి ఆమోదం తీసుకోవలసి వస్తుంది.