యంత్రమానవ శాస్త్ర సభలు: వాని ఫలమును కొలుచు విధము

ముదినేపల్లి, కైకలూరు ప్రాంతములలో చేపల చెఱువు గల రైతును ‘ఈ యేడు చెఱువెట్లు పండినది?’ అని యడిగినచో అతడు ఒక్క యంకెతో బదులు చెప్పడు. బొచ్చె యెంత, శీలావతి యెంత, పట్టుబడి మొత్తమెన్ని టన్నులు, చేప సగటు తూకమెంత, మేతకెంత వ్యయమైనది, లారీ కెక్కించునాటికి ధర యెంత పలికినది, ఇవన్నియు చెప్పినగాని అతనికి తృప్తి కలుగదు. కాని పండితుల సభల విషయమున మాత్రము లోకము ఒక్క యంకెనే కోరుచున్నది. ఆ యంకె యెట్లు పుట్టినదో, దానినెంతవఱకు నమ్మవచ్చునో, యంత్రమానవ శాస్త్ర సభలను ఉదాహరణముగా గైకొని యిచట వివరింప బూనితిమి.

యంత్రమానవునికి ‘రోబోట్’ అను పేరు లోకమంతట వాడుకలో నున్నది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమునుండి యీ మాట వెలువడినది. దాని మూలధాతువునకు వెట్టిచాకిరి యని యర్థము. పేరునందు మానవుడున్నను ఈ యంత్రములలో పెక్కింటికి మనుష్యరూపము లేదు. కర్మాగారమున ఇనుపరేకుల నతుకు ఒంటిచేయియు, తన దారి తానే చూచుకొని పోవు బండియు ఈ కోవలోనివే.

ఈ శాస్త్రమునకు మూడు సభలు ముఖ్యములు. ‘ఇక్రా’ అను పొట్టిపేరుతో ప్రసిద్ధమైన సభ 1984లో అమెరికాలోని అట్లాంటా నగరమున మొదలైనది. ‘ఐరోస్’ 1988లో టోక్యోనగరమునను, ‘ఆర్.ఎస్.ఎస్.’ 2005లో అమెరికాలోను ప్రారంభమైనవి. మొదటిదానిలో ఇటీవల ఏటేట వేయికి మించిన వ్యాసములు వెలువడుచుండగా, కడపటిదానిలో నూఱు నూటయేబది చుట్టుపట్లనే యుండును. మన దేశమున ‘అడ్వాన్సెస్ ఇన్ రోబోటిక్స్’ అను సభ 2013లో పూనాలో మొదలై, రెండేండ్లకొకమాఱు ఒక్కొక్క నగరమున కూడుచు వచ్చినది.

వైద్యము, రసాయనము మొదలగు శాస్త్రములలో సభయందు చదివినది చిత్తుప్రతి వంటిది. పత్రికలో అచ్చైనప్పుడే దానికి లెక్క. యంత్రమానవ శాస్త్రమున నట్లుకాదు. సభకు వచ్చిన వ్యాసమును తోటి పండితులు పరీక్షించి, తగినదని తోచినచో స్వీకరింతురు. సభాసంపుటమున అచ్చుపడుటయే దానికి ప్రచురణము. కావున సభకు గల పేరును బట్టి వ్యాసకర్తకు ఉద్యోగము దొరకుట, పరిశోధనకు ధనము దొరకుట జరుగుచున్నది. కొలత తప్పినచో తప్పుచోటికి ధనము పోవును, తగినవాడు వెనుకబడును.

ఈ సంగతి మనకేల యని కొందఱనవచ్చును. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డి గారు, అనగా రాజ్ రెడ్డి గారు, మదరాసులోని గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికాకేగి, 1966లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందిరి. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినపుడు దానికి మొదటి సంచాలకులు వారే. 1994లో ఫైగెన్‌బామ్ గారితో కూడ ట్యూరింగు బహుమానమును గైకొనిరి. పల్లెటూళ్ల పిల్లలను తలచి 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మొదటి కులపతియు వారే. దాని విద్యాలయములలో నొకటి మనకు సమీపముననే నూజివీడులో నున్నది. ఈ సీమ పిల్లలు పదవ తరగతి ముగించి యచట చేరుచున్నారు. రేపు వారి వ్యాసములను తూచు త్రాసు ఎట్టిదో వారు ఇప్పుడే యెఱుగుట మేలుకదా.

ఇక త్రాసు మాట. ఒక పండితుడు వ్యాసము వ్రాయునపుడు తనకు తోడ్పడిన పూర్వుల వ్యాసములను కడపట పేర్కొనును. దీనిని ఉల్లేఖన మందము. 1927లో గ్రాసు అను ఇంటిపేరు గల యిద్దఱు అమెరికాలో నొక చిన్న కళాశాల గ్రంథాలయము ఏ రసాయనశాస్త్ర పత్రికలను కొనవలెనో తేల్చుటకై ఇట్టి ఉల్లేఖనములను లెక్కించిరి. గ్రంథాలయమున కున్నది కొద్ది ధనము, ప్రశ్న అంతమాత్రమే. తరువాత యూజీన్ గార్‌ఫీల్డు 1955లో ఉల్లేఖనముల సూచికను ప్రతిపాదించి, 1964లో దానిని వెలువరించెను. రెండేండ్లలో అచ్చైన వ్యాసములకు ఆ మీదటి సంవత్సరమున వచ్చిన ఉల్లేఖనములను ఆ వ్యాసముల సంఖ్యచే భాగించుటవలన ‘ప్రభావాంకము’ వచ్చును. పుస్తకములు కొనుటకు పుట్టిన లెక్క మనుష్యులను కొలుచు లెక్కగా మాఱినది. మా యభిప్రాయమున చిక్కంతయు ఇక్కడనే మొదలైనది.

ఒక చిన్న లెక్క చేయుదము. ఒక సభలో 12 వ్యాసములు వెలువడినవనియు, వానికి వరుసగా 120, 40, 18, 9, 7, 6, 4, 3, 1, 0, 0, 0 ఉల్లేఖనములు వచ్చినవనియు ఊహింపుడు. మొత్తము 208, సరాసరి 17కు పైచిలుకు. కాని 12 వ్యాసములలో 17ను దాటినవి మూడే! తొమ్మిది దానికి దిగువనే యున్నవి. ఒక పెద్ద బొచ్చె పడినంతమాత్రమున చెఱువులోని చేపలన్నియు పెద్దవని చెప్పరాదు. మధ్యనున్న రెండు సంఖ్యలు 6, 4. వాని సగము, అనగా 5, మధ్యస్థము. ఈ సభలోని సామాన్య వ్యాసమును గుఱించి సరాసరికంటె ఇదియే నిజము చెప్పుచున్నది.

2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మఱొక యుపాయము చెప్పెను. వ్యాసములను పెద్దదానినుండి చిన్నదానికి పేర్చి, వరుస సంఖ్యకు తక్కువకాని ఉల్లేఖనములు గల కడపటి స్థానమును గుర్తింపవలెను. పై వరుసలో ఆఱవదానికి 6 ఉన్నవి, ఏడవదానికి 4 మాత్రమే. కావున ‘హెచ్-సూచి’ 6. హిర్ష్ దీనిని ఒక్కొక్క పండితుని కొఱకు చెప్పెను. గూగుల్ సంస్థ 2012 నుండి కడచిన అయిదు పూర్ణసంవత్సరముల వ్యాసములను గైకొని పత్రికలకును సభలకును కట్టుచున్నది.

ఇందలి మొదటి లోపము విద్యార్థులే కనిపెట్టగలరు. పెద్దవలకు పెద్దచేపలు ఎక్కువ పడును. వేయి వ్యాసముల సభకు నూఱు వ్యాసముల సభకంటె హెచ్-సూచి యధికమగుట సహజము. దానివలన మొదటిది గుణమున మేలని తేలదు.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. ఏ వ్యాసము ఏ సభ ఖాతాకు చెందును? ఉసామా ఖాతిబ్ అను పండితుడు యంత్రహస్తము అడ్డంకులను తప్పించుకొను విధమును 1985లో ఇక్రా సభలో ప్రకటించి, ఆ మఱుసటి యేడు పత్రికలో అదే పేరున అచ్చువేసెను. ఆలోచన ఒక్కటే, ఉల్లేఖనములు రెండు చోట్లకు పంచుకొనబడినవి. 2009లో జపానులోని కోబే నగరమున ఇక్రా కూడినపుడు, దాని అనుబంధ గోష్ఠిలో ‘రాస్’ అను ఉచిత సాధనసంపుటిని గుఱించి మోర్గాన్ క్విగ్లీ ప్రభృతులు ఒక వ్యాసము చదివిరి. నేడు లోకమున యంత్రమానవ ప్రయోగశాలలు అనేకములు ఆ సాధనముపై నడచుచున్నవి. అయినను అది గోష్ఠివ్యాసము. ముఖ్యసభ సంపుటమును మాత్రమే లెక్కించువారికి కానరాదు. 2016 నుండి వెలువడుచున్న ఒక లేఖాపత్రికలోని వ్యాసములను ఇక్రా, ఐరోస్ సభలలో చదువుటకు వీలు కల్పించిరి. వ్యాసము చదివినది సభలో, ఉల్లేఖనము చేరినది పత్రికకు! కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని విడిచి ఉప్పుటేఱున పోవుదానిని మాత్రమే కొలిచి, సరస్సు ఇంతయే యన్నట్లున్నది.

కాలము సంగతియు తలపవలెను. కార్నెగీ మెలన్ పండితులు లూకస్, కనాడే అనువారు 1981లో కృత్రిమమేధకు సంబంధించిన సభలో ఆఱు పుటల వ్యాసము ప్రకటించిరి. ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును నడుమ వస్తువు ఎంత జరిగినదో కనుగొను పద్ధతి యది. నలువది యేండ్లు గడచినను దానిని వాడుచునే యున్నారు. రెండేండ్ల గడువు, అయిదేండ్ల గడువు పెట్టిన లెక్కలకు ఇట్టి దీర్ఘాయువు తెలియదు.

అసలు అంకెలకందనిది వేఱొకటి కలదు. తెల్లవాఱుజామున చెఱువునీట ప్రాణవాయువు తగ్గును. చేప పైకి వచ్చి నోరు తెఱచును. నీటిని తనంత పరీక్షించి, వేళకు ఏరేటరు తిప్పు యంత్రము ఏ సభావ్యాసమునుండియో పుట్టి మన రైతు గట్టున నిలిచినదనుకొందము. చెఱువు దక్కును, అప్పు తీరును. కాని రైతు వ్యాసములు వ్రాయడు. కనుక ఉల్లేఖనముల పట్టికలో ఆ మేలు సున్న. మన దేశసభ వంటి చిన్నసభకు దూరదేశ ప్రయాణవ్యయము భరింపలేని విద్యార్థి పోయి, పెద్దలయెదుట తన పని చూపి, తప్పొప్పులు విని వచ్చినచో ఆ లాభము గూడ పట్టిక కెక్కదు. మేము లెక్కలను వలదనుట లేదు. లెక్క లేనిచోట సిఫారసు రాజ్యమేలును. అది యంతకంటె చెడ్డది. కాని నియామకములయందు పత్రిక ప్రభావాంకమును మనుష్యుని యోగ్యతకు బదులుగా వాడరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రజ్ఞులు చేసి 2013లో ప్రకటించిన తీర్మానము మాకు సమంజసముగ తోచుచున్నది.

పై తరగతుల విద్యార్థులు పలకపై ఈ లెక్కను చేసి చూడవచ్చును. పై వరుసలో 120కి బదులు 1200 వ్రాయుడు. సరాసరి 107 దాటును. మధ్యస్థము కదలదు, హెచ్-సూచియు 6గానే నిలుచును. మరల 120నే యుంచి, ఏడవ వ్యాసపు 4ను 7 చేయుడు. సూచి ఇంకను 6. ఇప్పుడు ఆఱవ వ్యాసపు 6ను గూడ 7 చేయుడు. సూచి 7 అగును. 1080 కొత్త ఉల్లేఖనములు చేయలేని పనిని నాలుగు చేసినవి. ఆ నాలుగింటిని మిత్రులు నలుగురు ఒకరి కొకరు వ్రాసియిచ్చుకొనవచ్చును.