నేత్రహీనుల సేవ - భాగవత కైంకర్యము

భగవత్కైంకర్యము గొప్పది, భాగవత కైంకర్యము అంతకంటెను గొప్పదని శ్రీవైష్ణవ పెద్దలు చెప్పుదురు. కోవెలలో దీపము వెలిగించుట భగవత్కైంకర్యము. ఆ దీపమును చూడజాలని వానికి తోడుగా నిలిచి సన్నిధికి చేర్చుట భాగవత కైంకర్యము. మొదటిదానికి పోటీపడువారు పెక్కురు. రెండవదానికి ముందుకు వచ్చువారు కొందరే. ఈ సేవను ఎవరు చేయవలెను, ఏ తీరున చేయవలెను అను విషయమున మన ఇతిహాసములును, నేటి వైద్యుల అనుభవమును ఒకే మాట చెప్పుచున్నవి.

ఒక్క భుజముపై కావడి

అంధసేవ అనగానే అందరికిని స్మరణకు వచ్చువాడు శ్రవణకుమారుడు. వాల్మీకి మహర్షి అయోధ్యాకాండమున ఈ వృత్తాంతమును దశరథుని నోటనే చెప్పించెను. అచ్చట ఆ బాలునకు పేరు లేదు. శ్రవణుడను పేరును, కావడిని జనశ్రుతి చేర్చుకొన్నది. రాత్రివేళ సరయూతీరమున కుండలో నీరు నిండు చప్పుడు విని, ఏనుగని భ్రమించి దశరథుడు బాణము విడిచెను. బాలుడు మరణించెను. కన్నులు లేని తల్లిదండ్రులు దశరథుడే తోడ్కొని పోగా కుమారుని దేహమును తడిమి చూచుకొనిరి. ఆ పిమ్మట వారును బ్రతుకలేదు.

ఈ కథను పుత్రధర్మమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. దానిలో మరియొక పాఠమును కలదు. ఇద్దరి ప్రాణములు ఒక్కని భుజముపై నిలిచియుండెను. ఆ ఒక్కడు లేనంతనే అంతయు కూలినది. అందుకొనుటకు మరియొక చేయి లేకపోయెను. పుత్రుని సేవ ఎంత నిర్మలమైనను, అది ఒక్కనిదే యైనచో నిలువదు. కావడికి ఊరి భుజము తోడు కావలెను.

ఇందూరు సీమలో నేటి స్థితి

నిజామాబాదు పూర్వనామము ఇందూరు. పట్టణపు కోటలో రఘునాథాలయము, డిచ్‌పల్లిలో శిల్పసుందరమైన రామాలయము, భీమ్‌గల్ సమీపమున లింబాద్రిగుట్టపై నరసింహస్వామి సన్నిధి ఈ సీమను వైష్ణవ యాత్రికులకు పరిచితము చేసినవి. బోధను పట్టణమే భారతములోని ఏకచక్రపురమని స్థానిక ఐతిహ్యము. అచ్చట తమకు ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని ఇంటికి బకాసురుని వంతు వచ్చినప్పుడు, కుంతి ఆ ఇంటి బిడ్డలకు బదులు తన బిడ్డయైన భీముని పంపెను. పొరుగింటి ఆపదను తన ఇంటి ఆపదగా తలచుట ఆ ఊరి కథలోనే ఉన్నది.

ఆ ధర్మము నేడు ఈ సీమకు మిక్కిలి అవసరమైనది. బతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయిన యువకులు ఈ జిల్లాలో పెక్కుమంది. వారు పంపు డబ్బు ఇల్లు చేరును. వారి చేయి మాత్రము చేరదు. ఇంట మిగిలిన వృద్ధురాలి కంటిలో పొర వచ్చినది. పది మైళ్ల దూరమున ఆసుపత్రి ఉన్నది. బస్సు ఎక్కించువారు లేరు. పల్లెలలో జరిగిన పరిశీలనలలో, శస్త్రచికిత్స చేయించుకొనకపోవుటకు వృద్ధులు చెప్పిన కారణములలో ఖర్చు, భయము అనువానితో పాటు "వెంట వచ్చువారు లేరు" అనునదియు మాటిమాటికి కనబడుచున్నది. శ్రవణుడు దూరదేశమున నుండగా కావడి ఎవరు మోయవలెను? ఈ ప్రశ్నకు ఇరుగుపొరుగులే సమాధానము చెప్పవలసి యున్నది.

చూపు తిరిగి వచ్చువారు

2015 నుండి 2019 వరకు మన దేశమున జరిగిన జాతీయ సర్వేక్షణములో, 50 ఏండ్లు దాటిన ప్రతి నూరుగురిలో సుమారు ఇద్దరు అంధులని తేలినది. వారిలో నూటికి 66 మంది అంధత్వమునకు కారణము కంటిలోని శుక్లము, అనగా జనులు పొర యనునది, మోతిబిందు అనునది. ఇది చికిత్సతో తొలగు చీకటి. లింగనాశమను పేర సుశ్రుతాచార్యుడు ఉత్తరతంత్రమున దీని శస్త్రక్రియను వర్ణించెను. ఆనాడు మసకబారిన కటకమును పక్కకు త్రోయుచుండిరి. నేడు దానిని తీసివేసి, దాని స్థానమున కృత్రిమ కటకమును అమర్చుచున్నారు. పొర బాగుగా ముదిరిన పిమ్మటనే ఆసుపత్రికి పోవలెనను పాతమాట నేడు చెల్లదు. మిక్కిలి ముదరనిచ్చిన యెడల శస్త్రచికిత్సయే కష్టతరమగును.

ఇట్టి చికిత్స పల్లెలకు చేరుట వెనుక స్వచ్ఛంద సేవకుల కృషి కలదు. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జరిగిన లయన్స్ క్లబ్బుల మహాసభలో, చూపును వినికిడిని రెంటిని కోల్పోయిన హెలెన్ కెల్లర్ అంధులకు బాసటగా నిలువుడని సభ్యులను కోరెను. నాటినుండి నేత్రసేవ ఆ సంస్థకు ముఖ్యకార్యమైనది. బోధనులో లయన్స్ వారి కంటి ఆసుపత్రి ఆ వృక్షమునకు పుట్టిన ఒక కొమ్మ. గోదావరి ఆవలి ఒడ్డున, బాసర దాటిన పిమ్మట వచ్చు ముధోలులో, హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు 1996లో కంటి కేంద్రమును స్థాపించిరి. ఆ సంస్థ పద్ధతిలో సుమారు 50,000 మందికి ఒక చిన్న దృష్టికేంద్రము, 5 లక్షల మందికి శస్త్రచికిత్స చేయగల ఒక కేంద్రము, ఆ పైన పెద్ద ఆసుపత్రులు ఉండును. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ప్రారంభించిన కంటి వెలుగు కార్యక్రమము, 2023 జనవరిలో మొదలైన రెండవ విడతయు ఊరూర కంటి పరీక్షలు జరిపి కళ్లద్దాలు పంచినవి.

వైద్యుడు, ఆసుపత్రి, శిబిరము ఇన్ని యున్నను, గుమ్మము నుండి బస్సు వరకు గల దూరమును దాటించువాడు ఊరివాడే. ఇంటింటికి పోయి చూపు మందగించినవారి పేర్లు వ్రాసికొనుట, భయపడువారి చెంతకు శస్త్రచికిత్సతో చూపు పొందినవారిని తోడ్కొని పోయి మాట్లాడించుట, ఆసుపత్రికి వెంటపోవుట, తిరిగి వచ్చిన పిమ్మట చుక్కల మందు వేళకు వేయుట, మరల చూపించుకొను దినమున జ్ఞాపకము చేయుట - ఇవియే గ్రామసేవకుల పనులు. వీనికి వైద్యవిద్య అక్కరలేదు. మరియు ఈ జిల్లాలో బీడీలు చుట్టి జీవించు స్త్రీలు వేలకొలదిగ నున్నారు. నలుబది ఏండ్లు దాటిన పిమ్మట దగ్గరి చూపు తగ్గి, ఆకు అంచు కానరాక వారి కూలి తగ్గును. అట్టివారికి ఒక జత కళ్లద్దాలు ఇప్పించుట అన్నము పెట్టుటతో సమానము.

చెరకు ఆకు దెబ్బ

నిజాంసాగరు కాలువల క్రింద బోధను ప్రాంతము చెరకు సీమగా పేరుపొందినది. 1937లో శక్కర్‌నగరున వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కర్మాగారము మూతపడినను కృషీవలుని కన్నులకు గల ప్రమాదము తొలగలేదు. కత్తివంటి చెరకు ఆకు అంచు, నూర్పిడిలో ఎగురు వరిపొట్టు కంటి నల్లగ్రుడ్డుపై గీరినచో, ఆ చిన్న గాయమున సూక్ష్మజీవులో, బూజుజాతులో చేరి పుండగును. పుండు మానినను తెల్లని మచ్చ మిగిలి చూపు పోవచ్చును. ఆకు పసరు, ఆముదము, చనుబాలు కంటిలో పోయుట హానికరము. వైద్యుని అడుగక దుకాణమున కొనిన స్టెరాయిడ్ చుక్కలు అంతకంటె హానికరములు.

నేపాలులోని భక్తపూరు ప్రాంతమున రెండేండ్లపాటు 34,902 మందిని గమనించి, 2001లో వైద్యులు ఒక ఫలితమును ప్రకటించిరి. అచ్చట శిక్షణ పొందిన గ్రామ కార్యకర్తలు కంటికి గీరుడు గాయమైన 442 మందికి క్లోరాంఫెనికాల్ లేపనమును రోజునకు మూడుమార్లు, మూడు దినములు వేసిరి. వారిలో నూటికి 96 మందికి ఏ దోషమును లేక గాయము మానెను. దెబ్బ తగిలిన 18 గంటల లోపల చికిత్స మొదలైనవారిలో ఒక్కరికిని పుండు కాలేదు. చూపు కాపాడినది పెద్ద యంత్రము కాదు. సకాలమున అందిన పొరుగువాని చేయి. కంటికి దెబ్బ తగిలిన కూలీని ఆ దినముననే శిక్షణగల ఆరోగ్య కార్యకర్త కడకో, కంటి వైద్యుని కడకో చేర్చుట ప్రతి రైతునకు విధి.

గాంధారియు సంజయుడును

చికిత్సకు లొంగని అంధత్వమును కలదు. అట్టివారి విషయమున సేవ యెట్లుండవలెనో మహాభారతము చూపుచున్నది. భర్త అంధుడని వినినంతనే గాంధారి తన కన్నులకు వస్త్రము కట్టుకొనెను. ఆమె పాతివ్రత్యము వందనీయము. కాని దానివలన ధృతరాష్ట్రునకు ఒక్క అడుగు దారియు కనబడలేదు. సంజయుడు వేరొక తీరున సేవించెను. వ్యాసభగవానుడు దివ్యదృష్టి నిచ్చెదననగా, బంధువధను చూడనొల్లక ధృతరాష్ట్రుడు వలదనెను. అప్పుడు ఆ దృష్టి సంజయునకు దక్కెను. అతడు చూచినది చూచినట్లు చెప్పెను. రాజునకు రుచించునట్లు మార్చలేదు. దోషము రాజుదైనప్పుడు ఆ మాటయు దాచలేదు.

ఎదుటివాని చీకటిని తలచి కన్నీరు కార్చుట దయ. తన కన్నులను అతనికి అరువిచ్చుట సేవ. నేత్రహీనులు కోరునది ఈ రెండవదియే.

కూరేశుల మహిమ

నేత్రహీనుడు సేవను పొందువాడు మాత్రమే యనుకొనుట పొరపాటు. గురుపరంపరా గ్రంథములలో కూరేశుల చరిత్ర ఇందుకు ప్రమాణము. చోళరాజు భగవద్రామానుజులను రప్పింపగోరగా, వారికి బదులుగా కూరేశులు రాజసభకు పోయి కన్నులు కోల్పోయిరి. చూపు పోయిన పిదపనే కాంచీపుర వరదరాజస్వామిని స్తుతించి వరదరాజస్తవమును రచించిరని సంప్రదాయము. స్వామి వరము కోరుకొమ్మనగా, తమకు కీడు చేయించిన నాలూరానునకు మోక్షము కోరిరి. అంతటి మహనీయుని "పాపము, గుడ్డివాడు" అని ఎవ్వరనగలరు? పూర్వజన్మ పాపమును ఎత్తిచూపి నేత్రహీనుని నొప్పించువారు ఈ చరిత్రను ఒకమారు తలచుకొనవలెను.

లూయీ బ్రెయిల్ 1824లో, తన పదునైదవ ఏట, ఆరు చుక్కల లిపిని రూపొందించెను. అతడును అంధుడే. ఆ చుక్కలతోనే భారతీయ భాషలకు 1951లో భారతీ బ్రెయిల్ ఏర్పడినది. తెలుగును దానిలో వ్రాయుచున్నారు. చదువుకొను నేత్రహీన బాలురకు పాఠములు చదివి ధ్వనిముద్రణ చేసి యిచ్చువారు, పరీక్షలో వారు చెప్పినది వ్రాయు లేఖకులు కావలెను. 2018 కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు అట్టి పరీక్షార్థులకు గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఈయవలెనని చెప్పినవి. లేఖకుడు సంజయునివలె విన్నది విన్నట్లు వ్రాయవలెను. తన తెలివిని చేర్చరాదు, తన తొందరను చూపరాదు.

కోవెలలో ఆచరింపదగినవి

యాత్రాస్థలములలో సేవకులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

మొదట పలుకరించి, తమ పేరు చెప్పి, "తోడు కావలెనా?" అని అడుగవలెను. వలదన్నచో ఒత్తిడి చేయరాదు. వారిని పట్టుకొని ముందుకు త్రోయక, తమ మోచేతిని వారికి అందించి అరడుగు ముందు నడువవలెను. మెట్లు ఎక్కుటయో, దిగుటయో, ఎన్ని మెట్లో ముందుగా తెలుపవలెను. చేతికఱ్ఱను అడుగకుండ తాకరాదు. అది వారి కన్ను.

సన్నిధిలో "చూడలేరు గదా" అని త్వరగా పంపివేయుట మహాపచారము. స్వామి తిరువడి మొదలు కిరీటము వరకు ఆనాటి అలంకారమును, పట్టువస్త్రపు వన్నెను, పూలమాలలను మెల్లగా చెప్పవలెను. ఆళ్వారులు పాదాదికేశము అనుభవించిన తీరును తెలిసినవారికి ఈ వర్ణనము క్రొత్త కాదు. తులసి పరిమళము, తీర్థము, శఠారి స్పర్శ, ఘంటానాదము - ఇవి కన్నులు కోరని అనుభవములు. ప్రసాదము చేతికి ఇచ్చునప్పుడు అది ఏదో చెప్పి ఈయవలెను.

చూపు కొంత మిగిలినవారికి వెలుతురు, రంగుల తేడా మిక్కిలి సాయము. నల్లరాతి మెట్ల అంచులకు పసుపువన్నె గీత వేసినచో తడబాటు తగ్గును. గడపకు పసుపు పూయు ఆచారము గల మనకు ఇది తేలికగా బోధపడును.

నేత్రదానము

నల్లగ్రుడ్డు తెల్లబడి చూపు పోయినవారిలో పలువురకు మరణించినవారి కంటిపొరను అమర్చి చూపు తెప్పించుచున్నారు. మరణించిన 6 గంటల లోపల నేత్రనిధికి కబురు చేయవలెను. అంతవరకు కనురెప్పలు మూసి, వానిపై తడి దూది ఉంచి, తలక్రింద దిండు పెట్టి, పంకా ఆపవలెను. కళ్లద్దాలు వాడినవారును, పొర శస్త్రచికిత్స అయినవారును, మధుమేహము గలవారును దాతలు కావచ్చును. ముఖము వికృతము కాదు. దహనసంస్కారమునకు అడ్డు లేదు. ఏటేట ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవములు జరుగుచున్నవి.

కన్నులిచ్చినచో మరుజన్మమున అంధులగుదురను సంశయము కొందరికి కలదు. దేహము విడిచిన వస్త్రమువంటిదని గీతాచార్యుడు బోధించెను. విడిచిన వస్త్రమును లేనివానికి కప్పినందువలన దాతకు లోటు రాదు. దధీచి తన ఎముకలనే లోకహితమునకు ఇచ్చి ఋషులలో వన్నెకెక్కెను.

ఈ సేవకు ధనము కంటె కాలము ముఖ్యము, కాలము కంటె నిలుకడ ముఖ్యము. ప్రతి భజన మండలియు తన ఊరిలో చూపు మందగించినవారిని గుర్తించి, ఒక్కొక్కరికి ఇద్దరిద్దరు సేవకులను ఏర్పరచినచో, ఒకడు లేనినాడు రెండవవాడు అందుకొనును. అప్పుడు ఏ ఇంటి కావడియు నేల బడదు. సర్వసాక్షియైన శ్రీనివాసుడు అట్టి సేవకులను కటాక్షించు గాక.