సెప్టిక్ ట్యాంకు: మూత తీసి చూడాల్సినవి, మూసి ఉంచాల్సినవి

"మా ట్యాంకు కట్టి ఇరవై ఏళ్లయింది, ఇంతవరకూ నిండలేదు" అని గొప్పగా చెప్పుకునే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. నిజానికి సరిగ్గా కట్టిన ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నీళ్లతో నిండుతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు లోపలికి వస్తే అన్ని బయటికి పంపుతూ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకునేది అడుగున ఉండే మడ్డి. దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే గట్టిపడిపోయి, మడ్డి లాగే బండి పైపుకు అందదు. 'మనిషిని దించాలి' అనే మాట అప్పుడే వస్తుంది. ఏ ఇంట్లోనూ ఆ మాట రాకూడదనే ఈ చిట్కాలు.

1. ట్యాంకు ఎక్కడుందో రాసి పెట్టుకోండి. వాకిట్లో టైల్స్ పరిచేటప్పుడు మూతల మీదుగా పరిచేసి, పదేళ్ల తర్వాత పలుగుతో వెతుక్కునే ఇళ్లు ఎన్నో. ఇంటి రెండు మూలల నుంచి మూతల దాకా టేపుతో కొలిచి, ఆ కొలతలు ఇంటి ప్లాను వెనక రాయండి. టైల్స్ తప్పవనుకుంటే మూతల మేర విడిగా పరిపించి, పట్టుకుని ఎత్తేలా కొక్కేలు పెట్టించండి. ఆ చోట కారు నిలపకండి.

2. మీది ట్యాంకో, ఉత్త గుంతో తేల్చుకోండి. ట్యాంకంటే అడుగున కాంక్రీటు, లోపల నున్నటి సిమెంటు పూత, మధ్యలో అడ్డుగోడ ఉండాలి. మొదటి అర రెండో అరకు రెండింతలు ఉండాలి. ట్యాంకులో తేరిన నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి, వీధి కాలువలోకి కాదు. సిమెంటు వరలు దించి మూత వేసింది మాత్రం గుంతే. ఇరవై ఏళ్లయినా నిండలేదంటే చాలాసార్లు అర్థం ఒక్కటే: మురుగు అడుగు నుంచి నేలలోకి దిగిపోతోంది.

అదే స్థలంలో బోరు ఉంటే ఇది చిన్న విషయం కాదు. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న 150 గజాల స్థలంలో ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినా 54 అడుగులే, అంటే పదహారున్నర మీటర్లు. పక్కింటి వాళ్ల గుంత మీ బోరుకు ఇంకా దగ్గర కావచ్చు. అలాంటి చోట బోరు నీళ్లు తాగేవాళ్లు ఏటా వానలు మొదలయ్యాక పరీక్ష చేయించాలి. మల కాలుష్యం ఉంటే నీళ్లు నల్లబడే చిన్న సీసాలు దొరుకుతాయి. వాటిలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే తెలిసిపోతుంది.

3. మూత తీసే రోజు జాగ్రత్తలు. సంక్రాంతి తర్వాత, వానాకాలం రాకముందు చూసుకోవడం మేలు. అప్పటికి నేలలో నీటిమట్టం దిగి ఉంటుంది. ఇద్దరు మనుషులు ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. మూత తీశాక కనీసం అరగంట గాలి ఆడనివ్వండి. లోపల మీథేన్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరికి రానివ్వొద్దు. లోపలికి తల వంచి చూడొద్దు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. 'వాసన రావట్లేదు కదా' అన్న ధైర్యం ప్రాణాలు తీస్తుంది.

4. మడ్డిని కర్రతో కొలవండి. పొడవాటి వెదురు కర్రకు కింది భాగాన పాత తెల్ల తువ్వాలు చుట్టి తాడుతో గట్టిగా కట్టండి. మొదటి అరలో అడుగు తగిలేదాకా నెమ్మదిగా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి నిటారుగా పైకి తీయండి. నల్లగా అంటుకున్నంత మేర మడ్డి, ఆ పైన తడిసినంత మేర నీరు. పైన తేలే తెట్టును కూడా ఇందులో కలుపుకోవాలి. రెండూ కలిసి నీటి లోతులో మూడో వంతుకు చేరితే బండిని పిలవాల్సిన సమయం వచ్చినట్టే. మీటరు లోతు ట్యాంకులో అది సుమారు ఒక అడుగు. ఈ పనికి గ్లవుజులు వేసుకోండి, తువ్వాలును పారేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

5. కొలవడం కుదరకపోతే రెండు మూడేళ్లకోసారి తీయించేయండి. అయిదుగురు వాడే ట్యాంకుకు పొడవు మీటరున్నర, వెడల్పు ముప్పావు మీటరు, నీటి లోతు మీటరు అని ప్రమాణాల్లో ఉంది. అదీ రెండేళ్లకోసారి తీయిస్తారన్న లెక్కతోనే. కింద మీరు అయిదుగురు, పై వాటాలో అద్దెకు మరో అయిదుగురు చేరితే ఆ లెక్క సగానికి పడిపోతుంది. పైన వాటా వేసేవాళ్లు గోడల గురించి ఆలోచించినంత శ్రద్ధగా ట్యాంకు గురించి ఆలోచించాలి.

6. గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టండి. పది నిమిషాల పని. ట్యాంకుల్లో పెరిగే క్యూలెక్స్ దోమే బోదకాలు వ్యాధిని మోసుకొచ్చేది. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గుడ్డ చిరిగితే మార్చండి. గొట్టాన్ని మాత్రం పూర్తిగా మూయకండి. మూతల చుట్టూ సందులుంటే సిమెంటుతో పూడ్చండి.

7. లోపల వేయకూడనివి: శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి వైప్స్, జుట్టు, సిగరెట్ పీకలు, వంటనూనె. యాసిడ్, బ్లీచింగ్ రోజూ గుమ్మరిస్తే మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, డాబా మీద వాన నీళ్లు ఈ ట్యాంకులోకి రాకుండా వేరే దారి పట్టించండి. నీళ్ల వేగం పెరిగితే మడ్డి తేరుకోక ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది.

8. పొడులు, మాత్రల కోసం డబ్బు పెట్టకండి. రోజూ వాడే ట్యాంకులో సూక్ష్మజీవులకు కొదవ లేదు. ఏ పొడి వేసినా మడ్డి తీయించే పని తప్పదు. కొత్త ట్యాంకయితే ముందు నీళ్లు నింపి, చివికిన పేడ కొంచెం కలిపి పోస్తే చాలు.

9. ముందే కనిపించే గుర్తులు: ఫ్లష్ చేస్తే నీళ్లు నెమ్మదిగా దిగడం, గుడగుడమని చప్పుడు, ఇంకుడు గుంత చుట్టూ ఎండాకాలంలోనూ తడి. ఒక్క మరుగుదొడ్డిలోనే ఇబ్బంది ఉంటే అడ్డు ఆ పైపులో ఉంటుంది. అన్నింటిలో ఉంటే ట్యాంకు దగ్గర చూడాలి.

10. బండిని పిలిచేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మునిసిపాలిటీ అనుమతి ఉందా? మడ్డిని ఎక్కడ పోస్తారు? వరంగల్ లాంటి నగరాల్లో మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలున్నాయి. రాత్రిపూట ఊరి చెరువులోనో వాగులోనో పోసే బండికి డబ్బిస్తే ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది. మునిసిపాలిటీలో విచారించండి, పట్టణాల్లో 14420 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

11. ఎవరినీ ట్యాంకులోకి దించొద్దు. మడ్డి గట్టిపడితే నీళ్లు కొట్టి, పైనుంచే గడకర్రతో కలియబెట్టించి లాగించండి. రెండు విడతలు పట్టినా, బండికి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా సరే. తగిన రక్షణ లేకుండా మనిషితో ట్యాంకు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు, ఇంటి యజమాని అయినా సరే. మురుగులో దిగి మరణించిన వారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ డబ్బు పోయిన మనిషిని తేలేదు. కూలి అవసరం ఉన్నవాడు 'నేను దిగుతాను బాబూ' అన్నా సరే, వద్దనాల్సింది మనమే.

పొరపాటున ఎవరైనా లోపల పడిపోతే వెనకే దిగకండి. కాపాడబోయి ఒకరి వెనక ఒకరు పోయిన ఘటనలు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. 101కి, 108కి వెంటనే ఫోన్ చేయండి. అందితే పైనుంచి తాడు అందించండి.

12. బండి వెళ్లాక ట్యాంకును యాసిడ్‌తో కడిగించకండి, అడుగున కొంచెం మడ్డి ఉండనివ్వండి. నేలలో నీటిమట్టం ఎక్కువగా ఉన్న చోట ఖాళీ ట్యాంకు గోడలు బీటలు వారవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకయితే పైకి తేలవచ్చు. అందుకే అదే రోజు నీళ్లతో నింపేయండి. మూతల అంచుల్లో సిమెంటు పలచగా పూయిస్తే మళ్లీ తీయడం తేలిక. తీయించిన తేదీని కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు పెయింటుతో రాయండి. అద్దెకున్నవాళ్లు మారినా, ఇల్లు చేతులు మారినా అక్కడ చూసుకుంటారు.