బీడీఎస్ మొదటి ఏడాది మేనకోడలికి

నల్గొండ

మైత్రేయీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. మైనపు దిమ్మె మీద పన్ను నున్నగానే చెక్కావు గానీ, అది పైదవడ మొదటి మోలార్ అని నువ్వు రాస్తే తప్ప పోల్చుకోలేకపోయాను. కోప్పడకు. ఆ పంటికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. వేర్లు మూడు: బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. అంగిలివైపుదే పొడుగు. కిందిదవడ మోలార్‌కైతే మామూలుగా రెండే, ముందొకటి వెనకొకటి. నమిలే తలం మీద నాలుగు కస్పుల్లో ముందువైపు అంగిలి పక్కనున్నది అన్నిటికన్నా పెద్దది. దాన్నుంచి వెనకాల బుగ్గవైపు కస్పు దాకా ఏటవాలుగా ఒక గట్టు నడుస్తుంది. నువ్వు వదిలేసింది ఆ గట్టునే. పెద్ద కస్పు పక్కన కొందరికి చిన్న బొడిపె కూడా ఉంటుంది. వియన్నా దంతవైద్యుడు కరబెల్లి 1842లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. అది అందరికీ ఉండేది కాదు కాబట్టి నీ మైనంలో లేకపోయినా పరవాలేదు.

మీసియల్, డిస్టల్, బక్కల్ అని బట్టీ పట్టలేక చస్తున్నానన్నావు. స్కూల్లో కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు గడగడా అప్పజెప్పినదానివే, ఇవీ వచ్చేస్తాయి. పళ్ళ నంబర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి అంకె: రోగి పై కుడి 1, పై ఎడమ 2, కింద ఎడమ 3, కింద కుడి 4. రెండో అంకె నడిగీత నుంచి లెక్క. కుడి అంటే కుర్చీలో కూర్చున్నవాళ్ళ కుడి, నీది కాదు. 36ని మూడు-ఆరు అని చదవడం ఇప్పుడే అలవాటు చేసుకో.

పంటి పొరలను మాత్రం పరీక్ష కోసం చదివి వదిలెయ్యకు. రేపు రోగి నోరు తెరిచి చూపించకముందే, జబ్బు ఏ పొర దాకా వెళ్ళిందో అతని మాటల్లో సగం తెలిసిపోతుంది. “చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందండీ” అన్నాడంటే ఎనామెల్ కింది డెంటిన్ బయటపడిందని అనుమానించు. ఎనామెల్‌లో నరం ఉండదు. బరువులో 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి గనక, అరిగిపోతే మళ్ళీ పుట్టదు. డెంటిన్ నిండా సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. ఆ ద్రవం కదిలితే లోపలి నరానికి తెలిసిపోతుంది. “రాత్రి పడుకుంటే ఒకటే పోటు, నిద్రలేదు” అంటే పల్ప్ వాచిందన్నమాట. చుట్టూ గట్టి గోడలు, ఉబ్బడానికి చోటు లేదు, అందుకే అంత బాధ. “పన్ను పైకి లేచినట్టుంది, కొరకలేకపోతున్నా” అంటే వేరు చుట్టూ ఉన్న లిగమెంట్‌కి పాకింది. పన్ను ఎముకలో పాతుకుపోయి ఉండదమ్మా. మధ్యలో మిల్లీమీటరులో ఐదో వంతు మందాన నారపోగులు పట్టుకుని ఉంటాయి. అన్నంలో రాయి తగలగానే దవడ ఠక్కున ఆగేది వాటి పుణ్యమే.

ఎనామెల్ అనగానే మా జిల్లా గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో ఒకే ఇంట్లో ఆడపడుచు పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి, వేరే ఊరి నుంచి కాపురానికి వచ్చిన కోడలి పళ్ళు తెల్లగానే ఉంటాయి. ఎనామెల్ తయారయ్యే చిన్నతనంలో తాగిన నీళ్ళే దాన్ని చెడగొడతాయి. ఏర్పడిపోయిన పంటికి ఆ మచ్చ పట్టదు. అలాగని కోడలు తప్పించుకున్నట్టు కాదు, ఎముకల్లో చేరేది చేరుతూనే ఉంటుంది. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఈ ఫ్లోరైడ్ జబ్బును నమోదు చేసింది.

చిగుళ్ళ సంగతి వేరు. అవి ఏళ్ళ తరబడి నొప్పి లేకుండానే చెడతాయి. బ్రష్ చేస్తుంటే నెత్తురొస్తోందని ఆ చోట తోమడమే మానేస్తారు జనం, గార ఇంకా పేరుకుంటుంది. ఆరోగ్యమైన చిగురు పంటిని కాలరులా గట్టిగా చుట్టుకుని ఉంటుంది. పంటికీ దానికీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లు మించదు. ఆ సందు కొలిచే విలియమ్స్ ప్రోబ్ చేతికిస్తారుగా, చూడు: 1, 2, 3, 5, 7, 8, 9, 10 గీతలే ఉంటాయి. దగ్గరదగ్గరగా ఉంటే లెక్క తప్పుతుందని 4, 6 వదిలేశారు. మనవాళ్ళలో చాలామంది చిగుళ్ళు నల్లగా ఉంటాయి. అది మెలనిన్, జబ్బనుకుని భయపెట్టకు. ఇంకొకటి, “గార తీయించుకుంటే పళ్ళు కదులుతాయట” అన్న మాట నీకూ వినిపిస్తుంది. ఎముక ముందే కరిగి ఉంటుంది. వదులైన పళ్ళను గార అంటిపెట్టుకుని ఉంచుతుంది, అది పోగానే అసలు స్థితి బయటపడుతుంది. విసుక్కోకుండా, తీసే ముందే ఈ సంగతి చెప్పు. తీశాక చెబితే ఎవరూ నమ్మరు.

మీ పిన్ని కొడుకు చింటూకి ఆరు నిండాయి కదా. ఈ ఆదివారం టార్చి పట్టుకుని వాడి నోట్లో చూడు. పాలపళ్ళన్నిటి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద పన్ను వచ్చి ఉంటుంది, లేదా వస్తూ ఉంటుంది. అది శాశ్వత మొదటి మోలార్. చాలామంది తల్లులు అదీ పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుందిలే అనుకుని పుచ్చిపోయేదాకా పట్టించుకోరు. దాని గాడులు లోతుగా ఉంటే సీలెంట్ వేయించమని పిన్నికి చెప్పు. నాలుగు వైపులా వచ్చాయో లేదో, నంబర్లు వేసి నాకు రాయి.

మీ మావయ్య