చేతి బ్రేకు సవరింపు

తోటపల్లి గూడూరు వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. 2014లో తయారీ నిలిచిన అంబాసిడర్ వంటి పాత కార్లను నేటికిని నడుపువారిలో పలువురు, చేతి బ్రేకు పట్టకున్న వెంటనే కేబులు బిగింతురు. ఇది పొరపాటని విద్యార్థి మిత్రులకు మనవి చేయుచున్నాము.

వెనుక డ్రమ్ములోని షూలను కాలి బ్రేకు ద్రవపీడనముతోను, చేతి బ్రేకు కేబులుతోను నెట్టును. లైనింగు అరిగినకొలది షూకు డ్రమ్ముకు నడుమ ఎడము పెరుగును. కేబులు మాత్రమే బిగించినచో ఆ లోపము మరుగుపడును గాని తీరదు.

కావున సమతలమున కారు నిలిపి, ముందు చక్రములకు దిమ్మెలు పెట్టి, వెనుక భాగమును జాకీతో లేపి స్టాండ్లపై నిలుపవలెను. గేరు న్యూట్రల్ చేసి, చేతి బ్రేకు వదలి, చక్రము బిగియువరకు అడ్జస్టరును త్రిప్పి, పిదప చక్రము స్వేచ్ఛగా తిరుగునంత మాత్రమే వెనుకకు త్రిప్పవలెను. రెండవ చక్రమునకును ఇట్లే. అటుపిమ్మటనే కేబులు. లివరు లాగినపుడు రెండు చక్రములు సమముగా పట్టవలెను; వదలినపుడు తేలికగా తిరుగవలెను. తొడుగులో తుప్పుతో బిగుసుకొన్న కేబులును మార్చవలసినదే.

డ్రమ్ము విప్పినచో ధూళిని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువవలెను.

వాలున నిలిపిన కారు వెనుక పసివారు ఆడుకొనుచుందురు. ఈ అరగంట శ్రమ వారి కొరకే.