కుక్క తొడ ఎముకకు ఒక నిష్పత్తి

మలేషియాలో అల్సేషియన్ కుక్కను పెంచే మిత్రుల కోసం ఈ లెక్క. తుంటి కీలు బాగా అరిగితే కృత్రిమ కీలు అమర్చవచ్చు. సిమెంటు వాడని పద్ధతిలో దాని కాడను తొడ ఎముక బోలులోకి బిగిస్తారు. అందుకే బోలు ఆకారం ముఖ్యం.

ఎక్స్‌రేలో ఎముక పైభాగాన లోపలివైపు ఉన్న చిన్న బొడిపె దగ్గరి బోలు వెడల్పును, అన్నిటికన్నా ఇరుకైన చోటి వెడల్పుతో భాగించండి. ఉదాహరణకు 20ని 12.5తో భాగిస్తే 1.6. ఫలితం 1.8 మించకపోతే బోలు గొట్టంలా ఉన్నట్టు: కాడ కిందికి జారే, ఎముక చిట్లే ప్రమాదం ఎక్కువ. అల్సేషియన్లలో ఇది తరచు కనిపిస్తుంది. 2.5 దాటితే గరాటు ఆకారం.

ఎక్స్‌రేలో ఎముక పెద్దదిగా పడినా నిష్పత్తి మారదు. కాలు మెలి తిరిగితే మారుతుంది. సెర్డాంగ్‌లోని పుత్రా విశ్వవిద్యాలయ పశువైద్యశాలకో, మరో చోటికో వెళితే ఈ అంకె ఎంతో అడగండి.